మెకానిక్ చెవి

కారులో గడగడ ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకునే విద్య చాలాకాలం చెవి మీదే ఆధారపడింది. 1816లో పారిస్ వైద్యుడు రెనే లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోప్‌కు మూలం అదే. తర్వాత మోటారు మెకానిక్‌లూ దాన్ని అందుకున్నారు. ఛాతీ మీద ఆనించే బిళ్ళ స్థానంలో సన్నటి ఇనుప కడ్డీ చేరింది.

మన షెడ్లలో ఆ పని పొడవాటి స్క్రూడ్రైవరే చేసింది. మొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు నొక్కితే లోపలి అదురు కడ్డీ వెంబడి నేరుగా వినిపిస్తుంది. మొనను జరుపుతూ పోతే చప్పుడు ఎక్కడ పెద్దదైతే లోపం ఆ దగ్గర్లోనే ఉన్నట్టు. ఎంతో ఓర్పు కావలసిన, గౌరవించదగిన పనితనం ఇది.

2014 దాకా బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ ఈ విద్యకు మంచి బడి. వెనక కమాన్ పట్టీల బుష్‌లు అరిగితే గుంతల్లో టకటకమనేది. సైలెన్సర్‌ను పట్టి ఉంచే రబ్బరు తెగితే బండి నిలబడి ఉన్నా గడగడలాడేది. అందుకే "ఎప్పుడు మోగుతోంది?" అన్నదే మొదటి ప్రశ్న, జవాబు డ్రైవరు దగ్గరే ఉండేది.

తర్వాత అనుమానమున్న భాగాలకు చిన్న మైకులు తగిలించి, బండి నడుస్తుండగానే హెడ్‌ఫోన్లలో వినే పరికరాలు వచ్చాయి. అయినా చప్పుడు వచ్చిన రోడ్డు మీదే బండిని మళ్ళీ నడిపి చూడటం ఇప్పటికీ మొదట చేయాల్సిన పని.