అమ్మను గుమ్మం బయట నిలబెట్టిన రోజులు



ఇంట్లో పిల్లవాడికి పెద్ద జబ్బు చేసి ఆస్పత్రిలో చేర్చుకున్నారంటే, వాడితోబాటు తల్లి మకాం కూడా అక్కడే కదా! మంచం పక్కన ఓ చాప, ఓ చెంబు, వేళకి ఇంటినుంచి వచ్చే కారియరు. ఇందులో చెప్పుకోవలసిన వింత ఏముందీ అంటారేమో. ఉంది. సరిగ్గా ఈ ఒక్క పని చేయనివ్వండి మహాప్రభో అని ఇంగ్లండులో తల్లులు ఏళ్ళ తరబడి మొత్తుకోవలసి వచ్చింది. జబ్బుపడ్డ పిల్లల తల్లిదండ్రులకి ఆసరా అనేది ఎవరూ ఇంటికి తెచ్చి ఇవ్వలేదనీ, వాళ్ళూ వాళ్ళూ కలుసుకుని తెచ్చుకున్నదేననీ ఆ కథ వింటే మనకి బోధపడుతుంది.

లండనులో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ అనే వీధిలో 1852 ఫిబ్రవరి 14న పిల్లల ఆస్పత్రి ఒకటి తెరిచారు. మొదలుపెట్టింది డాక్టరు ఛార్లెస్ వెస్టు అనే ఆయన. పట్టుమని పది మంచాలు! అంతకుముందు మామూలు ఆస్పత్రుల్లో చాలావాటిలో చంటిపిల్లల్ని చేర్చుకునేవారే కారు. పేదవాళ్ళ పిల్లలు ఇంట్లోనే పడి ఉండి, ఉంటే ఉండేవారు, పోతే పోయేవారు. 1858లో ప్రసిద్ధ నవలాకారుడు ఛార్లెస్ డికెన్సు స్వయంగా సభలో తన కథ చదివి ఈ ఆస్పత్రికి చందాలు పోగుచేసి పెట్టాడు. అంచేత పిల్లలకంటూ ఆస్పత్రి ఉండటమే ఆ రోజుల్లో గొప్ప సంగతి.

అయితే పిల్లల వార్డులు పెరిగిన కొద్దీ ఆస్పత్రుల్లో కట్టుబాట్లు కూడా బిగుసుకున్నాయి. పిల్లవాణ్ణి అప్పగించి తల్లి ఇంటికి వెళ్ళిపోవాలి. మళ్ళీ చూడాలంటే ఆదివారం పూట గంటో, రెండు గంటలో. 1940ల చివర్లో కూడా లండనులో పెద్ద పేరున్న ఆస్పత్రుల్లో ఇదే వరస. ఒకచోటైతే మొదటి నెలంతా చూడనిచ్చేవారే కారు. సాయంత్రంపూట పిల్లలు నిద్రపోయాక వచ్చి, దూరంనుంచి ఓసారి చూసి పోవచ్చునట. క్షయ వచ్చిన పిల్లలూ, పోలియో వచ్చిన పిల్లలూ నెలలూ, ఒక్కొక్కప్పుడు ఏళ్ళూ ఇలాగే గడిపారు.

ఆ నిబంధనలు పెట్టినవాళ్ళు రాక్షసులేమీ కారు సుమండీ. పెన్సిలిన్ లాంటి మందులు లేని రోజుల్లో కంఠసర్పి, తట్టు లాంటి జబ్బులు ఒక వార్డులో దూరాయంటే మంచం తరవాత మంచం ఖాళీ అయ్యేది. బయటివాళ్ళు అంటు తెస్తారని భయం. అది కొంత న్యాయమే. రెండో కారణం ఒకటుంది. తల్లి వచ్చి వెళ్ళాక పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తాడు. రాకపోతే రెండు రోజులు ఏడ్చి మూడోనాడు ఊరుకుంటాడు. "చూశారా, సర్దుకున్నాడు" అనేవారు నర్సులు. తల్లి రాకపోవడమే పిల్లవాడికి మంచిదని డాక్టర్లు కూడా మనస్ఫూర్తిగా నమ్మారు.

నమ్మనివాళ్ళు అక్కడక్కడ లేకపోలేదు. న్యూకాజిల్ ఊళ్ళో డాక్టరు జేమ్స్ స్పెన్సు 1920లలోనే తన శిశువుల ఆస్పత్రిలో తల్లుల్ని కూడా చేర్చుకుని, బిడ్డ సేవ వాళ్ళచేతే చేయించాడు. కాని పెద్ద ఆస్పత్రులు ఆ మాట చాలాకాలం చెవిని పెట్టలేదు.

ఆ సంగతి లోకానికి పట్టించింది డాక్టరు కాదు, ఓ మామూలు సంఘసేవకుడు. పేరు జేమ్స్ రాబర్ట్‌సన్. స్కాట్లండు మనిషి. యుద్ధకాలంలో ఇల్లూవాకిలీ చెదిరిన పిల్లల కోసం పెట్టిన శిశువిహారంలో ఆయనా, భార్య జాయిసూ పనిచేశారు. ఆ తరవాత డాక్టరు జాన్ బౌల్బీ దగ్గర చేరి, 1948 నుంచీ వార్డుల్లో ఓ మూల కూర్చుని పిల్లల్ని గమనించాడు. ఆయనకి కనిపించినవి మూడు దశలు. మొదట బిడ్డ అమ్మకోసం గోల పెడతాడు. తరవాత దిగులుపడి మూగబోతాడు. ఆఖరికి అందరితోనూ నవ్వుతూ ఆడతాడు గాని, తల్లి వస్తే మొహం తిప్పేసుకుంటాడు. నర్సులు "సర్దుకున్నాడు" అన్నది ఈ మూడో దశ. పిల్లవాడు సర్దుకోలేదు, ఆశ వదులుకున్నాడన్నమాట.

చెబితే డాక్టర్లు నమ్మలేదు. సరే, చూపిస్తానని ఓ చిన్న కెమెరా పుచ్చుకుని 1952లో సినిమా తీశాడు. బొడ్డు దగ్గర చిన్న ఆపరేషను కోసం ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్న రెండేళ్ళ పాప కథ అది. కావాలని ఏడ్చే ఘట్టాలే ఏరి తీశాడని అనకుండా, రోజూ ఒకే వేళకి, గోడగడియారం కూడా కనబడేట్టు తీశాడు. ఆ పాప పెద్దగా ఏడవదు కూడాను. ఏడుపు దిగమింగుకుని బొమ్మని పట్టుకు కూర్చుంటుంది. లండనులో పెద్ద పెద్ద డాక్టర్ల సభలో ఆ సినిమా వేస్తే చాలామంది మండిపడ్డారు. ఈ పాప అందరిలాంటిది కాదన్నారు. సినిమా వేయనేకూడదన్నారు.

అలా కోపగించుకున్నవాళ్ళలో డెర్మాడ్ మెకార్తీ అనే పిల్లల డాక్టరు ఒకాయన. ఇంటికైతే కోపంగానే వెళ్ళాడు గాని, మర్నాటినుంచి తన వార్డులో పిల్లల మొహాలు వేరుగా కనిపించడం మొదలెట్టాయి. సినిమాలో చూపించింది తన కళ్ళెదుటే ఉంది. తప్పు ఒప్పుకుని, ఆమర్షామ్ ఊళ్ళో తన వార్డు తలుపులు తల్లులకి తెరిచేశాడు. 1958లో రాబర్ట్‌సన్ తన రెండో సినిమా ఆ ఆస్పత్రిలోనే తీశాడు. ఈసారి తల్లి బిడ్డ పక్కనే ఉంటుంది.

1959లో సర్ హ్యారీ ప్లాట్ అనే శస్త్రవైద్యుడి అధ్యక్షతన ప్రభుత్వం వేసిన సంఘం తన నివేదిక ఇచ్చింది. తల్లిదండ్రులు ఏ వేళనైనా రావచ్చు, మరీ చిన్నపిల్లల తల్లుల్ని ఆస్పత్రిలో ఉండనివ్వాలి అని దాని సారాంశం. కాని కాగితం మీద రాసినంత మాత్రాన వార్డు తలుపు తెరుచుకుంటుందా? చాలా ఆస్పత్రులు కదల్లేదు. 1961లో రాబర్ట్‌సన్ టెలివిజన్‌లో తన సినిమా ముక్కలు చూపించి, తల్లుల్నే ముందుకు రమ్మన్నాడు. లండనులో బాటర్‌సీ పేటలో కొందరు తల్లులు కలుసుకుని సంఘం పెట్టారు. చంకలో బిడ్డలున్న మామూలు గృహిణులే వీళ్ళంతా. ఏ ఆస్పత్రిలో ఎప్పుడు రానిస్తారు, ఎక్కడ ఉండనిస్తారు అని ఆరా తీశారు, అడిగారు, మళ్ళీ మళ్ళీ అడిగారు. చూస్తూండగా అది దేశమంతటా శాఖలున్న సంఘమైంది.

లోపలికి రానిచ్చారు సరే, ఆ తల్లి ఎక్కడ పడుకోవాలి? ఏం తినాలి? ఈ ప్రశ్నకి జవాబు అమెరికాలో దొరికింది. కేన్సరు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు కొందరు 1970లో వాషింగ్టన్‌లో ఓ సంఘంగా ఏర్పడ్డారు. ఫిలడెల్ఫియాలో ఫ్రెడ్ హిల్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి మూడేళ్ళ కూతురికి రక్తకేన్సరు వచ్చింది. ఆస్పత్రిలో కుర్చీల్లో కునుకు తీసే తల్లిదండ్రుల్ని ఆయన కళ్ళారా చూశాడు. ఇంగ్లండులో పుట్టి అక్కడ స్థిరపడ్డ డాక్టరు ఆడ్రీ ఎవాన్సు, ఇలాంటి కుటుంబాలకి ఆస్పత్రి పక్కనే ఓ ఇల్లుంటే బాగుండునని ఎప్పటినుంచో అనుకుంటోంది. ఆటగాళ్ళూ, మెక్‌డొనాల్డ్స్ హోటళ్ళవాళ్ళూ చెయ్యి కలిపితే 1974లో ఆ ఇల్లు తెరిచారు. అలాంటి ఇళ్ళు ఇవాళ ఎన్నో దేశాల్లో ఉన్నాయి.

ఇక మన సంగతి. మన సర్కారు ఆస్పత్రుల్లో తల్లిని బిడ్డ మంచం దగ్గరనుంచి పొమ్మన్న ఆనవాయితీ లేదు. ఆమె లేకపోతే పనే జరగదు. మన అలవాటులో ఉన్న మంచి ఏమిటో ఈమధ్య శాస్త్రం కూడా చెప్పింది. బరువు తక్కువగా పుట్టిన పసికందుల్ని ఇంటెన్సివ్ కేర్‌లో పెడితే తల్లి బయటే ఉండటం రివాజు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితోబాటు ఆఫ్రికాలో నాలుగు దేశాల ఆస్పత్రుల్లో, పుట్టినప్పటినుంచే బిడ్డని తల్లి గుండెకి ఆనించి ఉంచి చూశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. పాతపద్ధతిలో నెల తిరక్కుండా నూటికి దాదాపు 16 మంది పోతే, తల్లి దగ్గరున్న పిల్లల్లో 12 మందే పోయారు. అంటే తల్లి అక్కడ అడ్డు కాదు, ఆమే ఓ మందు.

మనకి లోటల్లా ఆ తల్లికి ఆసరా. థలసీమియా పిల్లవాడికి రెండు మూడు వారాలకోసారి, మహా అయితే నెలకోసారి రక్తం ఎక్కించాలి. జీవితాంతం అంతే. ఒక్క కుటుంబం ఎంతమంది దాతల్ని వెతుక్కోగలదు? అందుకే 1998లో హైదరాబాదులో తల్లిదండ్రులూ, డాక్టర్లూ కలిసి థలసీమియా, సికిల్ సెల్ సొసైటీ పెట్టుకున్నారు. పరాయి ఊళ్ళనుంచి కేన్సరు వైద్యానికి వచ్చే పిల్లల కుటుంబాలకి అద్దె లేకుండా గది, వంటకి చోటు ఇచ్చే సెయింట్ జూడ్ కేంద్రాలు 2006లో ముంబాయిలో మొదలై, తరవాత హైదరాబాదుకూ వచ్చాయి. ఇలాంటివి ఉన్నాయని తెలియక ఆస్పత్రి వరండాల్లో రాత్రుళ్ళు గడిపేవాళ్ళు ఇంకా ఎందరో.

మీ వాటాలోనో, మీ వీధిలోనో ఇలాంటి కుటుంబం ఉంటే, "ఏ జన్మలో ఏం చేసుకున్నారో" అనే మాట నోట రానివ్వకండి. ఆ జబ్బుకి తల్లిదండ్రుల సంఘం ఏదైనా ఉందా అని ఆస్పత్రిలో అడిగి తెలుసుకుని చెప్పండి. ఇంటి దగ్గర మిగిలిపోయిన రెండో పిల్లకి జడ వేసి బడికి పంపండి. ఓ పూట మంచం దగ్గర మీరు కూర్చుని, ఆ తల్లిని ఇంటికి పంపి తలంటు పోసుకుని రెండు గంటలు పడుకోమనండి. రక్తం ఇవ్వగల వయసు మగపిల్లలూ, ఆడపిల్లలూ మీ ఇంట్లో ఉంటే వాళ్ళనీ కదపండి. బాటర్‌సీ తల్లులూ ఒకరి తలుపు ఒకరు తట్టే మొదలుపెట్టారు. ఎవరూ వచ్చి పిలిచేదాకా చూడకండి, మీరే వెళ్ళి తట్టండి.