జుట్టు రంగులు – చర్మమున కలుగు అలర్జీ

నెరసిన వెంట్రుకలను నల్లపరచుటకు వాడబడు పదార్థమునకు కేశరంజకమని పేరు; వ్యవహారమున దీనిని డై అందురు. నేడు విరివిగా అమ్ముడుపోవు శాశ్వతపు రంగులలో పెక్కింటికి మూలాధారము పారాఫెనిలిన్ డయమిన్ అను రసాయనము. వీనివలన చర్మమున కలుగు అలర్జీకి ప్రధానహేతువును అదియే.

ఆయుర్వేదాచార్యుడైన సుశ్రుతుడు పలితమును, అనగా జుట్టు నెరయుటను, క్షుద్రరోగములలో పరిగణించెను. గోరింటాకు, నీలియాకు, గుంటగలగర, ఉసిరికలతో తలకు నలుపు తెచ్చుకొను పద్ధతులు దేశమున చిరకాలముగ నుండినవి.

రసాయనపు రంగుల విషయమునకు వచ్చిన, 1856లో విలియం పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి, బొగ్గు తారునుండి లభించు అనిలిన్‌తో క్వినైన్ చేయబూని, ఊదారంగును కనుగొనెను. అతని గురువైన హోఫ్మన్ 1863లో పారాఫెనిలిన్ డయమిన్‌ను వర్ణించెను. హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిసినప్పుడు ఇది వెంట్రుకలకు గాఢవర్ణము నిచ్చునని గ్రహించి 1883లో ఫ్రాన్సు దేశమున మొన్నే సంస్థ పేటెంటు పొందెను. పిమ్మట ఉన్నికీ, బొచ్చుతోళ్లకూ రంగువేయు పనివారియందును, తలకు రంగు వేసికొనువారియందును చర్మవికారములు పొడచూపగా, ఇరువదవ శతాబ్దారంభమున జర్మనీ తలరంగులలో దీనిని నిషేధించెను. అయినను వ్యాపార మాగలేదు: 1907లో యూజీన్ షువెల్లర్ అను ఫ్రెంచి రసాయనవేత్త తలరంగు తయారుచేసి, 1909లో సంస్థను స్థాపించెను, దానికి అతడు పెట్టిన పేరునందు 'నిరపాయకరమైన తలరంగులు' అను అర్థ మిమిడియుండుట చమత్కారము. అదియే నేటి లోరియల్. 1933లో అమెరికాలో ఇదే రసాయనముగల లాష్ లూర్ అను కనురెప్పల రంగువలన ఒక స్త్రీ దృష్టి కోల్పోయెను, మరియొకతె మరణించెను. 1938 నాటి ఆహార, ఔషధ, సౌందర్యసామగ్రి చట్టమునకు ఈ ఘటన ప్రేరకములలో నొకటి. ఆ చట్టము కనురెప్పల రంగుపై కట్టుదిట్టము చేసినను, తలరంగును హెచ్చరికచీటితో సరిపుచ్చి విడిచిపెట్టెను.

ఇట్టి అలర్జీని గుర్తించు ఉపాయమును 1895లో జాడసన్ అను చర్మవైద్యుడు లోకమున కందించెను: అనుమానాస్పద పదార్థమును పట్టీతో చర్మమున కంటించి, ఫలితమును నిరీక్షించుటయే అది. సరళమైనను ఎంతో యోచనాపూర్వకమైన ఈ పరీక్ష మూలసూత్రము నేటికిని మారలేదు. 1942లో లాండ్‌స్టైనరు, చేజు అను శాస్త్రజ్ఞులు ఇట్టి అలర్జీని రక్తద్రవము గాక కణములే మోయునని నిరూపించిరి.

పారాఫెనిలిన్ డయమిన్ అణువు మిక్కిలి చిన్నది. కావున చర్మమును సులువుగ చొచ్చుకొనిపోయి, ఆక్సిజన్ సంయోగమున మార్పుజెంది, చర్మపు ప్రోటీనులతో బంధము వేసికొనును. లాంగర్‌హాన్స్ అను చర్మమందలి రక్షణకణములు దీనిని పరాయివస్తువుగ గుర్తించి టి-లింఫోసైటులు అను తెల్లరక్తకణములకు చూపును. ఒకసారి ఆ జ్ఞాపకము పాతుకొనినంతనే, పూర్వము పదిసార్లు నిర్బాధకముగ వాడినవానికిని పదునొకండవసారి ఒకటి రెండు దినములలో దురద, వాపు, రసి మొదలగునవి కలుగును. మాడుకంటె నొసటియంచులు, చెవులు, మెడ, కనురెప్పలే ముందు బాధపడును. మీసమునకు రంగు వేయువారికి పైపెదవి. కొన్ని స్థానిక మత్తుమందులు, కొన్ని బట్టలరంగులుకూడ ఇట్టివారికి పడకపోవచ్చును.

తెలంగాణలోని జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు 2016 అక్టోబరు 11 వరకు వరంగల్లు జిల్లాయందే యుండెను. వరంగల్లున 1959లో నెలకొన్న కాకతీయ వైద్య కళాశాల, ఎం.జి.ఎం. ఆసుపత్రి ఇట్టి అలర్జీతో బాధపడు ఈ ప్రాంతపు రోగుల కాశ్రయములు. మహబూబాబాదున 2022లోను, తక్కిన రెండు పట్టణములందు 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి.  ఈ పట్టణముల సెలూన్లలో రంగు పొడిపొట్లమును చిన్నగిన్నెలో నీళ్లతో కలుపగా, ముద్ద నల్లబడునంతలో కుంచె చేత ఆడును. చేతొడుగులు లేక పనిచేయు క్షురకుల వ్రేళ్లకును ఈ అలర్జీ కలుగవచ్చును.

భారతదేశపు సౌందర్యసామగ్రి నియమములు ఇట్టి రంగుల పెట్టెపై హెచ్చరికను, లోపల పరీక్షాసూచనలను ఇంగ్లీషునను, స్థానిక భాషలయందును ముద్రింపవలెనని శాసించినవి: చెవివెనుకనో, ముంజేతి లోపలనో కొద్దిగ పూసి 24 గంటలు చూడవలెను, కనుబొమ్మలకు, రెప్పలకు వాడరాదు. అలర్జీ తలయెత్తుటకు రెండు దినములైనను పట్టవచ్చును గాన, పెక్కు పెట్టెలపై ఇప్పుడు 48 గంటలని వ్రాయుచున్నారు. గోరింటాకు సహజముగ ఎరుపునే యిచ్చును. త్వరితముగ నలుపు తెచ్చు 'నల్ల గోరింటాకు' పొడులలో ఈ రసాయనమే కలిసియుండవచ్చును గనుక, ఒకసారి అలర్జీ వచ్చినవా రట్టివానిని గూడ మానవలసియుండును.