పద్మనాభం తర్వాత పూసపాటివారు

విజయనగరం రాజులైన పూసపాటివారి పతనం అనగానే చాలామంది జమీందారీ రద్దునే తలుస్తారు. ఆధారాలను వరసగా చదివితే అసలు దెబ్బ అంతకు ఒకటిన్నర శతాబ్దం ముందే, విశాఖ జిల్లాలో భీమిలికి దగ్గరున్న పద్మనాభంలో తగిలిందనిపిస్తుంది.

1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల అండతో బొబ్బిలిని గెలిచిన పెద విజయరామరాజు కొద్దిరోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడయ్యాడు. వారసుడు ఆనందరాజు ఫ్రెంచివారిని విడిచాడు. 1758లో విశాఖపట్నాన్ని వారినుంచి పట్టి ఇంగ్లీషువారికి అప్పగించాడు. ఆ డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఇంగ్లీషు సేనాని కల్నల్ ఫోర్డ్ పక్షాన నిలిచాడు. ఉత్తర సర్కారుల్లో ఈస్టిండియా కంపెనీకి కాలు నిలదొక్కుకునే చోటు దొరకడంలో ఈ స్నేహానికి పెద్ద పాత్రే ఉంది.

ఆ స్నేహం పేష్కషు, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, దగ్గర తెగింది. బకాయి ఎనిమిదిన్నర లక్షలని లెక్కగట్టి కంపెనీ 1793లో జమీందారీని జప్తు చేసింది. అప్పటి రాజు చిన విజయరామరాజును మచిలీపట్నం వెళ్లిపొమ్మంది. ఆయన దారిలో పద్మనాభం దగ్గర ఆగిపోయాడు. 1794 జూలై 10న కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన దాడి చేయగా, గంటసేపైనా సాగని పోరులో రాజు నేలకొరిగాడు. ఆయన చుట్టూ ఉన్న ప్రముఖ క్షత్రియ వీరుల్లోనూ చాలామంది ప్రాణాలొదిలారు. గొడవకు కారణం కేవలం బకాయేనా? పదేళ్ల ముందే కంపెనీ వారి సర్క్యూట్ కమిటీ విజయనగరం సైన్యం కంపెనీకి ప్రమాదమని రాసింది. కాబట్టి బకాయి ఒక్కటే కారణమనడం కష్టం. పైగా మనకు దొరికే వివరాల్లో ఎక్కువ భాగం గెలిచినవారి దస్తావేజుల్లోనివి. వాటిని ఆ ఎరుకతోనే చదవాలి.

రాజు కొడుకు నారాయణబాబు కొండ జమీందారుల వద్ద తలదాచుకున్నాడు. తర్వాత కంపెనీ అతనికి 1,157 గ్రామాలు తిరిగిచ్చింది. కొండ జమీందారులను మాత్రం విజయనగరం పట్టునుంచి విడదీసింది. 1802 శాశ్వత పరిష్కారంలో పేష్కషు ఐదు లక్షలుగా స్థిరపడింది. సైన్యం పోయి, శిస్తు మిగిలింది.

స్థిరమైన పేష్కషే తర్వాతి సంపదకు మూలమని వాదించవచ్చు. కానీ నారాయణబాబు 1845లో కాశీలో చనిపోయేనాటికి ఎస్టేటు అప్పుల్లో ఉంది, ప్రభుత్వ నిర్వహణలో ఉంది. 1852లోగానీ అది ఆయన కొడుకు విజయరామ గజపతి చేతికి రాలేదు. 1857లో విజయరామ గజపతి పెట్టిన బడి తర్వాత మహారాజా కళాశాల అయింది. ఆయన కొడుకు ఆనందగజపతి ప్రాపకంలో గురజాడ నాటకం కన్యాశుల్కం 1892లో రంగమెక్కింది. 1919లో సంగీత కళాశాల వెలిసింది, ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. తెలుగువారు ఈ వంశాన్ని ఆదరంగా తలచుకునే పనులు చాలావరకు కత్తి పోయిన తర్వాతివే. నా దృష్టిలో వారి చరిత్రలో అతి విలువైన భాగం ఇదే.

హైదరాబాదులా ఒప్పందంతో నిలిచిన రాజ్యం కాదు గనుక విజయనగరానికి 1947 తర్వాత విలీన చర్చలు లేవు, రాజభరణమూ లేదు. జమీందారీ ముగియడానికి 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం సరిపోయింది. ఈ వంశంవాడే, సోషలిస్టు భావాలున్న పి.వి.జి. రాజు 1958లో మాన్సాస్ ట్రస్టు స్థాపించి, పూర్వీకుల కోటను విద్యాసంస్థలకు ఇచ్చారు. విశాఖలోని సింహాచలం దేవస్థానపు వంశపారంపర్య ధర్మకర్తృత్వం మాత్రం ఆ కుటుంబంతోనే ఉండిపోయింది.