ప్రాచీన సముద్రాల వేడిమి – కార్బన్ డయాక్సైడ్: ఖరగ్‌పూర్ పరిశోధనలు

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే సముద్రాలు వేడెక్కుతాయి. వేడెక్కిన నీటిలో ఆ వాయువు తక్కువగా కరుగుతుంది కనుక కొంత మళ్లీ గాలిలో కలిసి వేడిని ఇంకా పెంచుతుంది. భూచరిత్రలో ఈ సంబంధం ఎలా నడిచిందో మన దేశంలో పరిశీలించిన చోట్లలో పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఒకటి.

ఈ వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ లెక్కగట్టాడు. 1987లో అంటార్కిటికాలోని వోస్టాక్ మంచుపొరలు 1,60,000 ఏళ్లుగా వేడిమి, వాయువు కలిసే పెరిగి తగ్గాయని చూపాయి.

అంతకంటే ఎంతో పాత సాక్ష్యం 1991లో దొరికింది. అంటార్కిటికా దగ్గర సముద్రగర్భం నుంచి తీసిన మట్టిలో కెన్నెట్, స్టాట్ అనే పరిశోధకులు సుమారు 5.6 కోట్ల ఏళ్ల నాటి హఠాత్ మార్పును గుర్తించారు. పేలియోసీన్, ఇయోసీన్ యుగాల సంధిలో లక్షల కోట్ల టన్నుల కార్బన్ గాలిలోకి, సముద్రాల్లోకి చేరింది. భూమి 5 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కింది. సముద్రపు నీరు ఆమ్లీకరణకు లోనైంది. సముద్రపు అడుగున బతికే ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల జాతుల్లో 30 నుంచి 50 శాతం అంతరించాయి. కార్బన్ ఎక్కడిదన్న చర్చ తెగలేదు. అగ్నిపర్వతాలని కొందరు, సముద్రగర్భంలో మంచులా గడ్డకట్టిన మీథేన్ అని కొందరు అంటారు. అటువంటి మీథేన్ నిక్షేపాలు కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఉన్నాయని 2006లో జరిపిన తవ్వకాల్లో రుజువైంది.

ఈ ఘట్టం గురించి తొలినాటి సాక్ష్యాల్లో ఎక్కువ భాగం లోతైన సముద్రాల నుంచీ ధ్రువాలకు దగ్గరి ప్రాంతాల నుంచీ వచ్చినదే. అప్పట్లో భూమధ్యరేఖకు చేరువలో ఉన్న భారతదేశపు నేలమీద ఏం జరిగిందన్నది పెద్ద లోటుగా మిగిలింది. ఖరగ్‌పూర్ ఐఐటీకి చెందిన అనింద్య సర్కార్ బృందం ఆ లోటును తీర్చేందుకు ఎంతో శ్రద్ధగా పనిచేసింది. వారు ఎంచుకున్నది గుజరాత్‌లోని సూరత్ జిల్లా వస్తాన్ లిగ్నైట్ గని. ఇలాంటి పనిలో బొగ్గు నమూనాను పొడిచేసి, ఆమ్లంతో సున్నపు అంశం తొలగించి, మిగిలినదాన్ని మండిస్తారు. వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్-12, కార్బన్-13ల నిష్పత్తిని మాస్ స్పెక్ట్రోమీటర్ కొలుస్తుంది. కార్బన్-13 వాటా ఒక్కసారిగా పడిపోయిన పొర, కార్బన్-13 తక్కువగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి విరివిగా చేరిన కాలపు గుర్తు. నేలమీది మొక్కల అవశేషాల్లో ఈ పతనం పెద్దదిగా ఉండటానికి ఉష్ణమండల వర్షాలు ఉద్ధృతం కావడం కారణమా అన్న ప్రశ్నను ఈ బృందం 2013లో ప్రచురించిన పత్రంలో చర్చించింది.