కొండ అంచున అక్కాచెల్లెళ్లు

పెరట్లో సొరపాదు పెంచినవారికి తెలుసు. పురుగులు వాలకపోతే పిందె నిలవదు. మగపువ్వు తుంచి మనమే ఆడపువ్వుకు అద్దుతాం. ఈపాటి పనికే నడుముకు తాడు కట్టుకుని, సముద్రం మీద నిటారుగా లేచిన కొండ దిగారంటే నమ్ముతారా?

ఇది హవాయి దీవుల సంగతి. అక్కడ బ్రిగేమియా అనే పూలమొక్కలో రెండు జాతులున్నాయి. ఉబ్బిన మొదలు, బోడి కాండం, పైన ఆకుల గుత్తి. కర్రకు గుచ్చిన క్యాబేజీ అని దానికి ముద్దుపేరు! 1864-65లో ఆ దీవులు తిరిగి మొక్కలు సేకరించిన విలియం బ్రిగమ్ పేరే దానికి పెట్టారు. కవాయి, నీహావు దీవులది ఇన్సిగ్నిస్, పూలు లేతపసుపు. మొలొకాయి దీవిది రాకీ, పూలు తెలుపు. ఈ రెండోదానికి విడిగా పేరు పెట్టింది 1969లో, హెరాల్డ్ సెయింట్ జాన్ అనే ఆయన. అన్నట్టు మొలొకాయి అంటే కుష్ఠురోగులకు సేవచేసిన ఫాదర్ డామియన్ ఉన్న దీవే.

1778లో కెప్టెన్ కుక్ నీహావులో మేకల్ని వదిలాడు. మేక సంగతి మనకు చెప్పాలా! తర్వాత దీవులన్నిటా మేకలు పెరిగాయి. వాటి నోటికి అందని కొండచరియలే ఈ మొక్కలకు దిక్కయ్యాయి. పైగా పూలది పొడుగాటి గొట్టం. అడుగునున్న తేనె అందాలంటే అంత పొడవు నాలుక ఉన్న రాత్రిపురుగు రావాలి. అది రావడం మానేసింది. పూలు పూసేవి, గింజ కట్టేది కాదు.

అందుకే 1970ల నుంచి స్టీవ్ పెర్ల్‌మన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు తాళ్లతో దిగి, పువ్వుపువ్వుకూ పుప్పొడి అద్ది, గింజలు తెచ్చాడు. ఆ గింజలే తోటల్లో మొలిచాయి. 1992లో ఇనీకీ తుపాను కవాయిని ఊడ్చేసింది. 2014లో అక్కడి కొండమీద ఒక్కటంటే ఒక్క మొక్క కనిపించింది. తర్వాత అదీ లేదు.

ఇప్పుడు చిత్రం చూడండి. కొండమీద లేని ఆ పసుపుపూల అక్క హాలెండు నర్సరీల్లో కుండీల్లో పెరిగి, కిటికీ అలంకారంగా అమ్ముడవుతోంది. తెల్లపూల చెల్లెలేమో మొలొకాయి కొండను ఇంకా పట్టుకునే ఉంది, కొద్ది మొక్కలతో. బతుకంటే ఎవరిది? కుండీ బతుకూ బతుకే అంటారు కొందరు. నాకు మాత్రం మనసొప్పదు. గాలీ రాయీ ఎరిగిన చెల్లెలి మీదే నా బెంగంతా.

అక్కకూ ఓ చిక్కుంది. తోటల్లోని మొక్కలు చాలావరకు కొద్దిమంది తల్లుల పిల్లలే. దగ్గర సంబంధాలు కలిస్తే సంతానం నీరసిస్తుంది. అందుకని మనం గోత్రాలు చూసినట్టే, ఏ మొక్క ఏ తల్లిదో చికాగో బొటానిక్ గార్డెన్ వారూ మరికొన్ని తోటల వారూ వంశావళి రాసుకుంటున్నారు. దూరపు చుట్టరికం ఉన్న మొక్క పుప్పొడిని ఒక తోట నుంచి ఇంకో తోటకు పంపించి, కుంచెతో పువ్వుకు అద్దుతున్నారు.