రెండో కుర్చీ

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్‌నగర్ వైపు మళ్ళారనుకోండి, ఏ టీకొట్టు దగ్గర ఆగినా ఇద్దరు ముగ్గురు అసిస్టెంటు డైరెక్టర్లు తగలకుండా ఉండరు. చంకలో ఫైలు, కళ్ళల్లో నిద్రలేమి, జేబులో చిల్లర. వాళ్ళలో మావాడొకడు. మా ఆడపడుచు కొడుకు. ఆరేళ్ళ నుంచీ అసిస్టెంటే.

"పెళ్ళివారు అబ్బాయి ఏం చేస్తాడంటే ఏం చెప్పను వదినా? అసిస్టెంటు అంటే గుమాస్తా అనుకుంటున్నారు. నీ నవల సినిమా తీసిన నిర్మాతతో ఒక్క మాట చెప్పరాదూ!" అని ఆవిడ నా ప్రాణం తీస్తోంది. చెప్పడం ఎంతసేపు? ఒక్క ఫోను. కానీ చెయ్యి ముందుకు పోవడం లేదు.

ఇంతలో 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. అజయ్ దేవగణ్ మన హైదరాబాదు ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ వేషం కట్టాడు. మావాడు బలవంతాన తీసుకెళ్ళి చూపించాడు. ఆటల సంగతి నాకు బొత్తిగా తెలీదు. అయినా ఇంటికొచ్చి పాత సంగతులన్నీ తిరగేశాను.

రహీమ్ 1909లో హైదరాబాదులో పుట్టాడు. వృత్తికి బడిపంతులు. ఉస్మానియాలో బి.ఏ. చదివాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో నగర పోలీసు జట్టు పగ్గాలు పట్టాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి మనకు బంగారు పతకం తెచ్చిపెట్టాడు. మరుసటి ఏడు హెల్సింకీలో యుగోస్లావియా మనకు పది గోళ్ళు కొట్టింది, మనం కొట్టింది ఒక్కటి. మనవాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతోనే ఆడారు మరి! అక్కణ్ణుంచి లేచి, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరారు. ఆసియా నుంచి అంతదాకా వెళ్ళిన మొదటి జట్టు మనదే. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో గెలిచి మళ్ళీ బంగారం. అప్పటికే రహీమ్ ఒంట్లో కేన్సరు. 1963 జూన్ 11న పోయాడు.

ఇదంతా సినిమాకి పనికొచ్చే కథే. నా మనసు మాత్రం ఆయన కొడుకు దగ్గర ఆగిపోయింది.

ఆ అబ్బాయి పేరు సయ్యద్ షాహిద్ హకీమ్. 1939లో పుట్టాడు. మంచి ఆటగాడు. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో చోటు దొరికింది. కోచ్ సాక్షాత్తూ కన్నతండ్రి. మన దేశం ఆడిన మూడు ఆటల్లో, ఒక్కదాంట్లోనన్నా కొడుకు కాలు మైదానంలో పెట్టలేదు! బెంచీ మీదే కూర్చున్నాడు. రెండేళ్ళ తర్వాత బంగారం తెచ్చిన జకార్తా జట్టులో అసలు చోటే దక్కలేదు. ఆ రోజుల్లో వాళ్ళింట్లో భోజనాల వేళ ఎలా గడిచిందో ఊహించుకోవడం తప్ప మనకెలా తెలుస్తుంది? తల్లిగా ఆలోచిస్తే నాకు గొంతు పట్టేసింది.

హకీమ్ అలిగి ఆట మానుకోలేదు. వాయుసేనలో చేరి స్క్వాడ్రన్ లీడరయ్యాడు. అంతర్జాతీయ రెఫరీ అయి, 1988 ఆసియా కప్పులో ఈల పట్టాడు. ఆ మధ్యలో 1982 ఢిల్లీ ఆసియా క్రీడలకి మన జట్టు అసిస్టెంటు కోచ్‌గా వెళ్ళాడు. ప్రధాన కోచ్ ఎవరనుకున్నారు? పి.కె. బెనర్జీ. రోమ్‌లో ఇతను బెంచీ మీద కూర్చున్నప్పుడు జట్టు నాయకుడు ఆయనే!

అసిస్టెంటు పని ఎలాంటిదో ఆడవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. పెళ్ళింట్లో తెల్లవారకముందే లేచి కూరలు తరిగేది ఒకరు, పోపు పెట్టి పేరు కొట్టేసేది ఇంకొకరు. పేరొచ్చినా రాకపోయినా, తరిగిన ముక్క సరిగ్గా లేకపోతే కూర కుదరదు. ఆ ఏడు మన జట్టు క్వార్టర్ ఫైనల్లో సౌదీ అరేబియా చేతిలో 0-1తో ఓడింది. ఓడిన జట్టులో రెండో కుర్చీ ఎవరికి గుర్తుంటుంది?

గుర్తింపు రానే వచ్చింది, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం రూపంలో. అప్పటికి ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు. 2021 ఆగస్టులో కన్నుమూశాడు. తండ్రి కథ తెర మీదికి రావడం చూడలేదు.

ఇదంతా మావాడికి చెప్పి, "మీ అమ్మ నిర్మాతకి ఫోను చెయ్యమంటోంది. చెయ్యనా?" అని అడిగాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడొద్దత్తయ్యా. నా కథ పూర్తయ్యాక నేనే వెళ్ళి చెప్తాను. బావుంటే వింటారు" అన్నాడు. తర్వాత నసుగుతూ, "రేపు ఆరింటికి షూటింగు. అయిదింటికి లేపుతావా?" అన్నాడు.

లేపాను. కాఫీ కూడా ఇచ్చాను. మా ఆడపడుచుకి మాత్రం ఇంకా ఏం చెప్పాలో తెలియక, ఆవిడ ఫోనొస్తే స్నానం చేస్తున్నానని చెప్పిస్తున్నాను.