కొండ నుంచి ఓడ దాకా: ఖనిజం ఎగుమతి, దేశం ఎదుగుదల, మన ఊళ్లు

గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఖనిజ ఎగుమతులు దేశ ఆర్థికాభివృద్ధికి ఎలా తోడ్పడతాయి?" గైడ్లలో దీనికి పది లైన్ల జవాబు ఉంటుంది. విదేశీ మారకం వస్తుంది, ఉపాధి పెరుగుతుంది, రైళ్లు, ఓడరేవులు వస్తాయి. ఇందులో అబద్ధం లేదు. ఆ పది లైన్లలో కొండ ఎవరిది, కొండ మీద ఎవరున్నారు అన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. అందుకే ఈ సంచిక కోసం ఒక రైలు మార్గం చరిత్ర రాస్తున్నాను. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 446 కిలోమీటర్ల దారి అది. మీలో కొందరు అరకు చూడటానికి ఆ రైలెక్కే ఉంటారు. సొరంగాలు లెక్కపెట్టి ఫొటోలు తీసుకునే ఆ దారిని ప్రయాణికుల కోసం వేయలేదు. జపాన్‌కు ఇనుప ఖనిజం పంపడానికి వేశారు.

మన నేల నుంచి రాళ్లు సముద్రం దాటడం ఆ రైలుతో మొదలుకాలేదు. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల వజ్రాలు గోల్కొండ పేరుతో లోకమంతా అమ్ముడుపోయాయి. వాటిని తవ్విన కూలీల పేరు ఒక్కటీ మనకు మిగల్లేదు. మన లంబాడీల తాతముత్తాతలకూ ఈ చరిత్రలో చోటుంది. ఉప్పు కూడా ఖనిజమే కదా. కోస్తా నుంచి ఉప్పును ఎద్దుల మీద వేసుకుని లోపలి ప్రాంతాలకు చేర్చింది బంజారాల బిడారులే. రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. సరుకు అదే, దారి మారింది, దారితో పాటు బతుకూ మారింది.

1890ల మొదట్లో విజయనగరం ప్రాంతంలో మాంగనీస్ తవ్వకాలు మొదలయ్యాయి. అప్పటికి విశాఖలో లోతైన రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసి ఉంటే సరుకును పడవల్లో మోసుకెళ్లి ఎక్కించేవారు. విశాఖ రేవును 1933లో తెరిచారు. దాని వెనక ఉన్న ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి మధ్య పరగణాల మాంగనీస్‌ను బయటకు పంపడం. రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు వేసిందీ అందుకే. అంటే ఈ రోజు మనం చూసే పెద్ద నగరానికి పునాదిలో ఖనిజం ఎగుమతి ఉంది. గైడు చెప్పిన మొదటి మాట ఇక్కడ నిజమైంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఇంకో అవసరం ముందుకొచ్చింది. రెండో పంచవర్ష ప్రణాళికలో పెద్ద పరిశ్రమలు పెట్టాలనుకున్నాం. యంత్రాలు విదేశాల్లో కొనాలి. వాళ్లు రూపాయలు తీసుకోరు, డాలర్లు కావాలి. 1957 నాటికి విదేశీ మారక నిల్వలు ప్రమాదకరంగా తగ్గిపోయాయి. మన దగ్గర అమ్మడానికి ఏముంది? టీ, జనపనార, బట్టలు, ఖనిజం. అటు యుద్ధంలో దెబ్బతిన్న జపాన్ మళ్లీ లేస్తోంది. వాళ్ల దగ్గర ఉక్కు కర్మాగారాలు ఉన్నాయి, సరిపడా ఇనుప రాయి లేదు. జపాన్ తన మొదటి యెన్ రుణాన్ని 1958లో ఇచ్చింది మన దేశానికే. అదే ఏడాది కేంద్రం జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థను పెట్టింది. మాసబ్‌ట్యాంక్‌లో ఖనిజ్ భవన్ అని బోర్డు కనిపిస్తుంది చూడండి, అది ఆ ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయమే. 1960లో జపాన్‌తో ఒప్పందం కుదిరింది. ఏటా 60 లక్షల టన్నుల ఇనుప ఖనిజం పంపాలి. అందులో 20 లక్షలు కిరిబూరు నుంచి, 40 లక్షలు బస్తర్‌లోని బైలదిల్లా నుంచి.

బైలదిల్లా అంటే ఎద్దు మూపురం. ఆ కొండల వరుస ఆకారం అలా ఉంటుంది. అక్కడి రాయిలో ఇనుము పాలు 65 శాతం దాకా ఉంటుంది, ప్రపంచంలోనే మేలు రకాల్లో ఒకటి. అంత మంచి రాయి ఉన్నా దాన్ని సముద్రానికి చేర్చే దారి లేదు. తూర్పు కనుమలను తొలిచి, అనంతగిరి, అరకు మీదుగా, పదుల సంఖ్యలో సొరంగాలతో 1960లలో రైలు వేశారు. ఆ దారిలోని శిమిలిగూడ స్టేషన్ దాదాపు 996 మీటర్ల ఎత్తులో ఉంది. విశాఖ రేవులో ఖనిజం ఎక్కించే యంత్రాలు పెట్టారు. 1968లో బైలదిల్లా గని పని మొదలుపెట్టింది. ఇంకా పెద్ద ఓడలు రావాలని 1976లో విశాఖకు ఔటర్ హార్బర్ కట్టారు. దేశానికి డాలర్లు వచ్చాయి, రైలు వచ్చింది, రేవు పెరిగింది. ఆ రోజుల్లో ఆ డాలర్లు చాలా అవసరం, దాన్ని తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు.

ఇప్పుడు కొన్నవాళ్ల వైపు చూద్దాం. ఒక టన్ను ఉక్కు చేయడానికి సుమారు టన్నున్నర ఖనిజం పడుతుంది. ఖనిజం ధరకూ ఉక్కు ధరకూ ఎంతో తేడా. ఆ ఉక్కు ఓడో, కారో, యంత్రమో అయితే తేడా ఇంకా పెరుగుతుంది. 1960లో జపాన్ సుమారు 2 కోట్ల 20 లక్షల టన్నుల ఉక్కు చేసింది. 1973లో దాదాపు 12 కోట్ల టన్నులు. మనం అదే 1973లో చేసింది 70 లక్షల టన్నుల చుట్టూ. ఖనిజం దండిగా ఉన్న దేశం రాయి అమ్మింది, లేని దేశం ఉక్కు అమ్మింది. జపాన్ ఎదుగుదలకు కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, చదువు, సాంకేతికత, పొదుపు. కానీ "ఖనిజాలుంటే దేశం ధనిక దేశమవుతుంది" అని పరీక్షలో రాసే ముందు ఈ రెండు అంకెలు ఒకసారి పక్కపక్కన పెట్టుకోండి.

ఈ లెక్క ఆంధ్ర ప్రాంతపు జనానికి అప్పుడే అర్థమైంది. ఖనిజం బండ్లు రేవుకు వస్తున్నాయి, ఉక్కు మాత్రం ఇక్కడ లేదు. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" ఉద్యమం లేచింది. కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970లో ఇందిరాగాంధీ కర్మాగారం ప్రకటించారు, 1971లో శంకుస్థాపన చేశారు. దాన్ని జాతికి అంకితం చేసింది 1992లో, పి.వి. నరసింహారావు. ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. అయినా ఆ కర్మాగారానికి సొంత ఇనుప గని ఇవ్వలేదు. బైలదిల్లా ఖనిజాన్ని ఎన్‌ఎండీసీ దగ్గర కొనుక్కుంటూ వచ్చింది. దాని నష్టాల గురించి పేపర్లో చదివినప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

మరి కొండ మీద ఉన్నవాళ్ల సంగతి? బైలదిల్లా కింద ఉన్నవి గోండు, కోయ బంధువుల ఊళ్లు. శంఖిని నది నీళ్లు ఖనిజం కడిగిన మట్టితో ఎర్రబడ్డాయి. తాగునీరు, పశువుల నీరు, పొలం నీరు అదే. 1978 ఏప్రిల్‌లో కిరండూల్‌లో పనుల నుంచి తొలగింపులకు వ్యతిరేకంగా ఆందోళన చేసిన కార్మికులపై పోలీసు కాల్పులు జరిగాయి. ఇక బస్తర్ నేల మీద బస్తర్ రాయితో ఉక్కు ఎప్పుడు తయారైంది? నగర్నార్ కర్మాగారం 2023లో మొదలైంది. గని తెరిచిన 55 ఏళ్లకు.

ఇది మన దేశానికే ప్రత్యేకం అనుకోకండి. ఆఫ్రికాలో బోట్స్వానా 1966లో స్వతంత్రమైనప్పుడు అతి పేద దేశాల్లో ఒకటి. మరుసటి ఏడాదే అక్కడ పెద్ద వజ్రాల నిక్షేపం దొరికింది. కంపెనీలో ప్రభుత్వం సగం వాటా తీసుకుంది, ఆ డబ్బు బడులకూ రోడ్లకూ పెట్టింది, ఆ దేశం వేగంగా ఎదిగింది. ఆర్థిక శాస్త్రం పుస్తకాలు ఇక్కడిదాకా మెచ్చుకుని ఆపేస్తాయి. అదే దేశంలో కలహారి ఎడారి మూలవాసులైన సాన్ ప్రజలను వాళ్ల నేల నుంచి తరలించారు. వాళ్లు కోర్టుకెళ్లి 2006లో గెలిచారు. దేశం బాగా ఎదగడం, మూలవాసి నష్టపోవడం ఒకేసారి జరగవచ్చు. సగటు అంకెలో ఆ రెండోది కనపడదు.

మళ్లీ మన రైలు దారికి వద్దాం. అదే దారిలో అనంతగిరి మండలంలో బొర్రా ఉంది. గుహలు అందరికీ తెలుసు. ఆ చుట్టుపక్కల కొండల్లో కాల్సైట్ ఉంది. ప్రభుత్వం అక్కడి భూములను ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చింది. 'సమత' అనే సంస్థ గిరిజనుల తరఫున హైకోర్టుకు వెళ్లి ఓడింది, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు గిరిజనుల వైపు నిలిచారు. వాళ్లకు ఆధారమైంది 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ. మన పెద్దలు "వన్ ఆఫ్ సెవెంటీ" అనేది ఇదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ వ్యక్తీ గిరిజనేతరుడికి భూమి బదలాయించకూడదు అని అందులో ఉంది. ఆ 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుందని కోర్టు చెప్పింది. కాబట్టి ప్రభుత్వ భూమైనా సరే అక్కడ ప్రైవేటు కంపెనీకి లీజు చెల్లదు. తవ్వాలంటే ప్రభుత్వ ఖనిజ సంస్థో, గిరిజనుల సహకార సంఘమో తవ్వాలి. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత గిరిజనుల అభివృద్ధికి పక్కన పెట్టాలి. ఒక్క మాటకు ఇచ్చిన అర్థం మీద అన్ని కొండలు నిలిచాయి. లా చదవాలా వద్దా అని ఊగిసలాడే చెల్లెళ్లు ఈ తీర్పు ఒకసారి చదవాలి.

ఆ తీర్పు రైలు దారి అవతలి కొసకు మాత్రం అందలేదు. 2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ భూ చట్టం వేరు అని చెబుతూ, సమత తీర్పు మీద తన సందేహాలు వ్యక్తం చేసింది. ఒకే పట్టాల మీద ఒక చివర రక్షణ ఉంది, ఇంకో చివర ఆ రక్షణ లేదు. తేడా ఖనిజంలో లేదు, 1959లోనూ 1970లోనూ ఇక్కడ రాసిన నాలుగు వాక్యాల్లో ఉంది. తెలంగాణకు కూడా ఆ నిబంధన వారసత్వంగా వచ్చింది, ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం వైపు ఊళ్లకు అది వర్తిస్తుంది. మన మేడ్చల్, శామీర్‌పేట షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. మైదానంలోని చాలా తండాలూ కావు. అక్కడ గుట్ట క్వారీకి పోతే సమత తీర్పు పట్టుకుని ఆపలేరు, ఈ సంగతి తెలియక కొందరు పిల్లలు వాదనకు దిగుతుంటారు.

సింగరేణి సంగతి ఒక్క మాట. అక్కడ బొగ్గు ఎక్కువగా ఇక్కడి కరెంటుకే వాడారు, ఓడెక్కించలేదు. కంపెనీ ప్రభుత్వానిది, కార్మికులు లాభాల్లో వాటా గెలుచుకున్నారు. అయినా ఓపెన్‌కాస్టుల కింద ఊళ్లు పోయాయి. ఎగుమతి చేయకపోతే అంతా మంచే అని నేననను.

2015లో చట్టం మారింది. గని ఉన్న ప్రతి జిల్లాలో జిల్లా ఖనిజ నిధి పెట్టాలి. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజుల్లో, రాయల్టీ కింద కట్టే ప్రతి 100 రూపాయలకు ఇంకో 30 రూపాయలు ఆ నిధికి కట్టాలి. వేలంలో ఇచ్చిన కొత్త లీజులైతే 10 రూపాయలు. గని వల్ల దెబ్బతిన్న ఊళ్ల తాగునీటికి, వైద్యానికి, చదువుకు ముందు వాడాలి. అదే ఏడాది కేంద్రం 31 ఖనిజాలను చిన్న తరహా ఖనిజాల జాబితాలోకి మార్చింది. కాల్సైట్, ముగ్గురాయి, అభ్రకం, పలుగురాయి అప్పుడు అందులో ఉండేవి; కాల్సైట్ తప్ప మిగతా మూడూ 2025లో ఆ జాబితా నుంచి బయటకు వెళ్లాయి. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న తరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి. సెలవులకు ఊరెళ్లినప్పుడు పంచాయతీ ఆఫీసులో తీర్మానాల పుస్తకం చూపించమని అడగండి. మీ ఊరి పేరు మీద ఇలాంటి సిఫారసు ఏదైనా రాసి ఉందా, ఏ తేదీన రాశారు, కింద సంతకాలు ఎవరివి అన్నది చూసి, రాసుకుని రండి.